బడి మాన్పించి ఇంట్లో చదివించాలనుకునే తల్లిదండ్రులు చూసుకోవలసినవి

పిల్లలను ఇంట్లోనే చదివిస్తామన్న మాట నెల్లూరు, కావలి, ఒంగోలు వంటి పట్టణాలలో ఈమధ్య అప్పుడప్పుడూ వినిపిస్తోంది. కొందరికి ప్రైవేటు బడుల ఫీజులూ, పొద్దుపొడవక ముందే మొదలై చీకటి పడేదాకా సాగే స్టడీ అవర్లూ విసుగు పుట్టించాయి. కొందరికి ప్రభుత్వ బడిలో చదువు సాగడం లేదన్న అనుమానం ఉంది. మరికొందరి బిడ్డకు ఆరోగ్యం సహకరించదు. కారణం ఏదైనా, బడి మాన్పించడమంటే ఇంతకాలం బడీ ఇల్లూ పంచుకుంటూ వచ్చిన బాధ్యతను మొత్తంగా తల్లిదండ్రులే నెత్తికెత్తుకోవడం. నా అభిప్రాయం ముందే చెబుతాను. మన ఉమ్మడి నెల్లూరు, ప్రకాశం జిల్లాలలో ఎక్కువ కుటుంబాలకు ప్రభుత్వ బడి, దానికి తోడు రోజుకు ఒక గంట ఇంట్లో శ్రద్ధ, ఇదే మేలైన దారి. ఇంటి చదువు కొద్దిమందికే సరిపడుతుంది, ఆ కొద్దిమందైనా దానిని పద్ధతిగా నడపాలి.

ముందుగా బిడ్డకు ఏమి వచ్చో చూడండి

బడి మంచిదా కాదా అన్నది ఊళ్లో అనుకునే మాటలను బట్టి కాక, ఆ బడిలో చదువుతున్న మీ బిడ్డకు ఏమి వచ్చో చూసి తేల్చుకోవాలి. అందుకు పెద్ద పరీక్షలేవీ అక్కరలేదు. 2005 నుంచి పల్లెలలో పిల్లల చదువును అంచనా వేస్తున్న 'అసర్' సర్వే పద్ధతిని ఇంట్లోనూ వాడుకోవచ్చు. చదవడంలో నాలుగు మెట్లు ఉంటాయి: అక్షరాలు, చిన్న చిన్న పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి చిన్న కథ. లెక్కలలోనూ అంతే. 1 నుంచి 9 దాకా అంకెలు గుర్తుపట్టడం, 11 నుంచి 99 దాకా సంఖ్యలు గుర్తుపట్టడం, పక్కనుంచి అప్పు తెచ్చుకొని చేసే రెండంకెల తీసివేత, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించడం. అయిదో తరగతి బిడ్డ రెండో తరగతి కథను తడుముకోకుండా చదవలేకపోతే, ప్రోగ్రెస్ కార్డులో ఏ గ్రేడు ఉన్నా ఆ గ్రేడును పక్కన పెట్టి ఈ సంగతినే నమ్మాలి.

చదివించేటప్పుడు బడిలో చెప్పిన పాఠం ఇవ్వకండి. అది చాలామంది పిల్లలకు నోటికి వచ్చి ఉంటుంది. వేలు అక్షరాల మీద నడుస్తూనే ఉంటుంది కానీ కన్ను వాటి మీద ఉండదు. ఎన్నడూ చూడని పేజీ ఇవ్వండి, లేదా అదే పాఠాన్ని ఆఖరి వాక్యం నుంచి పైకి చదవమనండి. వత్తుల దగ్గర ఆగుతున్నదా, పదంలో మొదటి అక్షరం చూసి మిగిలినది ఊహించేస్తున్నదా అన్నది రెండు నిమిషాలలో బయటపడుతుంది. లెక్కలలో కూడా తప్పు ఎంత అన్నదాని కన్నా తప్పు ఎలా వచ్చిందన్నది ముఖ్యం. 42లో నుంచి 17 తీసివేయమంటే 35 అని రాసిన బిడ్డకు తీసివేత రాదని కాదు. రెండులో నుంచి ఏడు పోదు కాబట్టి ఏడులో నుంచి రెండు తీసి అయిదు వేసింది, నాలుగులో నుంచి ఒకటి తీసి మూడు వేసింది. పదుల స్థానం అంటే ఏమిటో ఆ బిడ్డకు ఎవరూ చేతికి అందేటట్టు చూపలేదన్న మాట. చీపురుపుల్లలు పదేసి చొప్పున నాలుగు కట్టలు కట్టి, విడిగా రెండు పుల్లలు పెట్టి, ఒక కట్ట విప్పించి పదిహేడు తీయిస్తే, రెండు మూడు రోజులలో సర్దుకొనే తప్పు అది. ఇంత చిన్న లోపానికి బడి మార్చనక్కరలేదు, మాన్పించనక్కరలేదు.

మరొక సంగతి: ముందు కళ్లు పరీక్ష చేయించండి. బోర్డు కనబడక వెనకబడిన బిడ్డను మొద్దు అనుకొనే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి.

చట్టం ఏమంటోంది

2002లో వచ్చిన 86వ రాజ్యాంగ సవరణ 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు చదువును ప్రాథమిక హక్కు చేసింది. అదే సవరణ ఆ వయసు పిల్లలకు చదువుకొనే అవకాశం కల్పించడాన్ని తల్లిదండ్రుల ప్రాథమిక విధిగా కూడా చేర్చింది. దాని మీద వచ్చిన 2009 నాటి విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది. బిడ్డను దగ్గరలోని బడిలో చేర్చడం తల్లిదండ్రుల విధి అని ఆ చట్టం 10వ సెక్షన్ చెబుతోంది. చేర్చనివారికి జైలు గానీ జరిమానా గానీ ఆ చట్టంలో లేదు. ఆరోగ్యవంతుడైన బిడ్డను ఇంట్లో చదివించే పద్ధతి గురించి అనుమతీ లేదు, నిషేధమూ లేదు. ఈ సందును చూసుకొని కొందరు ధీమాగా ఉంటారు. శిక్ష రాయలేదు కాబట్టి విధి లేదనుకోవడం మాత్రం తప్పు. ఇంట్లో చదివించేవారు బడిలో అందే చదువుకు తగ్గని చదువును ఇంట్లో ఇచ్చినప్పుడే ఆ విధిని నెరవేర్చినవారవుతారు.

చట్టం ఇంటి చదువును స్పష్టంగా ఒప్పుకున్న సందర్భం ఒకటుంది. తీవ్రమైన వైకల్యం, లేదా ఒకటికి మించిన వైకల్యాలు ఉన్న పిల్లలు ఇంటి వద్దనే చదువుకోవడాన్ని ఎంచుకోవచ్చునని 2012 సవరణ చెప్పింది. అటువంటి బిడ్డ ఉన్నవారు మండలంలో ఇటువంటి పిల్లల కోసమే ప్రభుత్వం నడిపే భవిత కేంద్రానికి వెళ్లి అక్కడి ప్రత్యేక ఉపాధ్యాయులతో మాట్లాడాలి. బిడ్డ పేరు బడి రిజిస్టరులో ఉంటూనే ఇంటి వద్ద బోధన అందుతుంది, కాబట్టి పేరు తీయించుకోవద్దు.

ఇక్కడే కాస్త కటువుగా ఒక మాట చెప్పక తప్పదు. ఆడపిల్లకు ఏడో తరగతి అయింది, హైస్కూలు దూరం, ఇంట్లో చంటిపిల్లవాడిని చూసుకొనే దిక్కు లేదు, అందుకని ఇంట్లోనే చదువుకుంటుంది అని చెప్పే ఇళ్లు ఉన్నాయి. పొగాకు గ్రేడింగ్ రోజులలోనో, రొయ్యలు ఒలిచే పనికో, మిరపకాయ కోతలకు వలస వెళ్లినప్పుడో పిల్లల చేతులు అవసరమై బడి మాన్పించి దానికి ఇంటి చదువు అని పేరు పెట్టేవారూ ఉన్నారు. అది చదువు మాన్పించడమే. పడమటి ప్రకాశం నుంచి పనుల మీద ఊరు విడిచే కుటుంబాలు ప్రభుత్వ విద్యా పథకమైన సమగ్ర శిక్ష నడిపే సీజనల్ హాస్టళ్ల గురించి మండల విద్యాశాఖాధికారిని అడగాలి. ఆడపిల్లలకైతే ఆరో తరగతి నుంచి కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు ఉన్నాయి.

చెప్పేది ఎవరు, ఎంతసేపు

విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం 1 నుంచి 5 తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు, 800 గంటల బోధన ఉండాలి. 6 నుంచి 8 తరగతులకు 220 దినాలు, 1000 గంటలు. ఇంట్లో ఒక్క బిడ్డకే చెబుతాము కాబట్టి అన్ని గంటలు అవసరం రాకపోవచ్చు. అయినా చిన్న తరగతులకు రోజుకు రెండున్నర, మూడు గంటలు, ఫోను పక్కన పెట్టి, పొయ్యి మీద కూర లేకుండా, బిడ్డ ఎదురుగా కూర్చోగల మనిషి ఒకరు ఇంట్లో ఉండాలి. మర్నాటి పాఠం చూసుకోవడానికి మరో అరగంట. ఆ మనిషి ఎవరో పేరు పెట్టి చెప్పుకోలేని ఇంట్లో ఈ ఆలోచన అక్కడితో ఆపేయడం మంచిది. నాన్న కొంత, అమ్మ కొంత, బాబాయి కొంత అనుకుంటే ఆఖరికి ఎవరూ చెప్పరు. ట్యూషను మాస్టారుకో, ఆన్‌లైన్ క్లాసుకో అప్పగిస్తామంటే, ప్రభుత్వం జీతమిచ్చి పెట్టిన టీచరును వదులుకొని మరొకరికి మనం జీతమివ్వడమే కదా.

ఎంత చదువుకున్న తల్లిదండ్రులకైనా తమకు ఇష్టమైన సబ్జెక్టే ఎక్కువ చెప్పే అలవాటు ఉంటుంది. ఇంజనీరు నాన్న లెక్కలు దంచుతాడు, తెలుగు వ్యాసం రాయించడు. ఏవి తప్పించుకుంటారో ముందే కాగితం మీద రాసుకొని, వాటికి మనిషిని చూసుకోండి.

కాగితాలు

ఇంట్లో చదివించేవారిలో ఎక్కువమంది చిక్కుకొనేది చదువు చెప్పడంలో కాదు, కాగితాలలో. ప్రాథమిక బడి వదిలేటప్పుడు రికార్డు షీట్, పై తరగతులలో అయితే టీసీ, అప్పటిదాకా చదివిన ఏళ్లన్నిటికీ స్టడీ సర్టిఫికెట్లు తీసుకొని భద్రపరచండి. ఏ తేదీ నుంచి, ఎందుకు, ఎవరు చదివిస్తారో మండల విద్యాశాఖాధికారికి ఒక అర్జీ రాసి, దాని నకలు మీద ముద్ర వేయించుకోండి. బడి మానిన పిల్లల కోసం సీఆర్పీలు (కొన్ని బడులకు కలిపి ఉండే క్లస్టర్ రిసోర్స్ పర్సన్లు) ఇంటికి వచ్చి అడుగుతారు; వారికి చూపడానికి ఈ నకలూ, బిడ్డ నోటు పుస్తకాలూ ఉండాలి.

తరువాతి సంగతి చాలామందికి పట్టదు. రాజ్యాంగంలోని 371డి అధికరణ కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం మన కళాశాలలలో 85 శాతం సీట్లు స్థానికులకు కేటాయిస్తారు. ఆ లెక్కలో నెల్లూరు శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాంతం, ప్రకాశం ఆంధ్ర విశ్వవిద్యాలయ ప్రాంతం. కావలికీ సింగరాయకొండకూ ఎంతో దూరం లేదు, కానీ ఆ రెండు ఊళ్ల పిల్లలు రెండు వేరు ప్రాంతాల స్థానికులు. ఇంటర్ వంటి అర్హత పరీక్షతో ముగిసే వరుస నాలుగేళ్లు ఆ ప్రాంతంలో చదివినవారిని స్టడీ సర్టిఫికెట్ల మీద స్థానికులుగా గుర్తిస్తారు. ఆ నాలుగేళ్లలో కొంతకాలం గానీ మొత్తం గానీ ఏ విద్యాసంస్థలోనూ చదవనివారు అక్కడ నివసించినట్టు చూపాలి. కాబట్టి ఇంట్లో చదివించే కాలమంతటికీ చిరునామా రుజువులు వరుస తప్పకుండా దాచుకొని, తహసీల్దారు కార్యాలయం నుంచి నివాస ధ్రువపత్రం తీసుకొనే ఏర్పాటులో ఉండండి. పదేళ్ల బిడ్డకు ఇప్పుడు ఇదంతా ఎందుకని అనిపిస్తుంది. పద్దెనిమిదో ఏట కౌన్సెలింగ్ హాలులో గుర్తుకు వచ్చినా లాభముండదు.

వదులుకొనేవి కూడా లెక్క వేసుకోవాలి. పాఠ్యపుస్తకాలు, యూనిఫాం, మధ్యాహ్న భోజనం పోతాయి. తల్లికి వందనం సాయం బడిలో చదివే పిల్లలకే. నవోదయ ఆరో తరగతి ప్రవేశ పరీక్షకు గుర్తింపు పొందిన బడిలో చదివి ఉండాలన్న నిబంధన ఉంది. ఎనిమిదో తరగతిలో రాసే ఎన్ఎంఎంఎస్ పరీక్ష నెగ్గితే ఏడాదికి 12,000 రూపాయల ఉపకార వేతనం వస్తుంది, అదీ ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల వారికే. ఒంగోలుతో సహా ట్రిపుల్ ఐటీలలో సీటుకు ప్రభుత్వ బడి పిల్లల మార్కులకు అదనపు వెయిటేజీ కలుస్తుంది. చిన్న రైతు ఇంటికి ఇవన్నీ కలిపి చూస్తే తక్కువ ఏమీ కాదు.

పదో తరగతి సర్టిఫికెట్‌కు రెండు దారులున్నాయి. 1991లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విద్యాపీఠం ఒకటి, 1989లో మొదలైన జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ మరొకటి. రెండింటిలోనూ పదో తరగతికి 14 ఏళ్లు నిండాలి. జాతీయ సంస్థలో తెలుగు మాధ్యమంలోనూ రాయవచ్చు. ఒకసారి చేరితే అయిదేళ్లు, తొమ్మిది పరీక్షల అవకాశాలు ఉంటాయి. ఇంటి నుంచి రాసి ఇచ్చే అసైన్‌మెంట్లకు 20 శాతం మార్కులుంటాయి. చిన్నవారికి 3, 5, 8 తరగతులకు సమానమైన స్థాయిలు కూడా ఆ సంస్థలో ఉన్నాయి. ఏడాదికొక సబ్జెక్టు చొప్పున నిదానంగా పూర్తి చేయవచ్చన్న వెసులుబాటు అనారోగ్యంతో ఉన్న బిడ్డకు వరం, పట్టుదల లేని ఇంటికి ఉచ్చు.

రోజు ఎలా నడపాలి

పుస్తకాల కోసం తడుముకోనక్కరలేదు. రాష్ట్ర ప్రభుత్వ పాఠ్యపుస్తకాలు ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగుగా ఉంటాయి. ఇంట్లో చెప్పేవారికి ఇంతకన్నా అనువైనవి దొరకవు. వాటిలోని క్యూఆర్ కోడ్‌ను దీక్షా యాప్‌లో చూస్తే వీడియో పాఠాలు వస్తాయి. ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ పన్ను కూడా మనం కడుతూనే ఉన్నాము, కాబట్టి శాఖా గ్రంథాలయానికి వారానికొకసారి బిడ్డను తీసుకువెళ్లడం మన హక్కు కింద లెక్క.

ప్రతిరోజూ తప్పనిసరిగా చేయవలసినవి మూడు: పైకి చదవడం, చేత్తో అరపేజీ సొంతంగా రాయడం, లెక్కలు. మిగిలిన సబ్జెక్టులు వారంలో సర్దుకోవచ్చు. ఉదయం చల్లని పూట లెక్కలకు ఉంచండి; మన ఎండలలో మధ్యాహ్నం రెండు గంటలకు భాగాహారం ఎవరి తలకూ ఎక్కదు.

ఇంటి చదువుకు బడి మీద ఉన్న నిజమైన ఆధిక్యం చుట్టూ జరుగుతున్న పనిని పాఠంలోకి తెచ్చుకోగలగడం. నెల్లూరులో ధాన్యం పుట్టి అంటే 850 కిలోలు. పుట్టి ధర 18,700 రూపాయలు అనుకుంటే క్వింటాలు ఎంత పడిందో కట్టమనండి, 8.5తో భాగించడం వచ్చిన బిడ్డకు 2,200 అని తేలుతుంది, దశాంశ బిందువు ఎందుకో కూడా తేలుతుంది. రొయ్యల చెరువు ఉన్నవారింట 40 కౌంట్ అంటే కిలోకు నలభై రొయ్యలు. ఒక్కొక్కటి ఎన్ని గ్రాములు? అది 30 కౌంట్‌కు ఎదిగితే ఒక్కొక్కటి ఎన్ని గ్రాములు పెరిగినట్టు? కౌంట్ తగ్గేకొద్దీ రొయ్య బరువు పెరగడంలోనే విలోమానుపాతం అంతా ఉంది. ఇక సైన్సుకు మార్కాపురం పలక ముక్క ఒకటి, చీమకుర్తి గ్రానైటు ముక్క ఒకటి బల్ల మీద పెట్టండి. పలకరాయి పొరలుగా చీలుతుంది, గ్రానైటు చీలదు. ఒకటి మెత్తని బురద, నేల లోపలి ఒత్తిడికి లోనై మారిన రూపాంతర శిల, మరొకటి కరిగిన శిలాద్రవం నిదానంగా చల్లారి గట్టిపడిన అగ్నిశిల. భూతద్దం ఇచ్చి గ్రానైటులో మెరిసే రవ్వలను చూడనిస్తే ఆ పాఠం మళ్లీ చెప్పనక్కరలేదు. అయితే ఇటువంటివి వారానికి ఒకటి రెండు చాలు. బయటి అనుభవాలే చదువు అనుకొని ఎక్కాలూ, వత్తులూ వదిలేసిన ఇళ్లలో బిడ్డకు కబుర్లు బాగా వస్తాయి, రాత రాదు.

ఈడు పిల్లల సావాసం కోసం సాయంత్రం ఆటస్థలానికి పంపడం టైంటేబుల్లో భాగంగానే రాసుకోవాలి.

మూడు నెలలకొకసారి బిడ్డను పరీక్షించేది మాత్రం మీరు కాకూడదు. ఊళ్లో రిటైరైన మాస్టారు ఎవరో ఒకరు ఉంటారు. ఆయన దగ్గరకు బిడ్డను పంపి, మీరు బయట కూర్చోండి. ప్రభుత్వ బడిలో ఆ తరగతికి ఇచ్చిన ప్రశ్నపత్రమే అడిగి తెచ్చుకొని రాయించండి. తేదీ వేసిన ఆ జవాబు పత్రాలు, నోటు పుస్తకాలు ఏవీ పాత కాగితాల వాడికి వేయవద్దు.

ప్రభుత్వ బడిలో ఉంచితే

బడికి పంపడంతో బాధ్యత తీరిపోయిందనుకొనే తల్లిదండ్రులు ఇంటి చదువును ఆక్షేపించే అర్హత కోల్పోతారు. ప్రభుత్వ బడులను బాగుచేసే నాడు నేడు కార్యక్రమం 2019 నవంబరు 14న మన ఒంగోలులోనే మొదలైంది; గోడలు, మరుగుదొడ్లు, బెంచీలు చాలా బడులలో మారాయి. గోడ బాగుపడితే చదువు బాగుపడినట్టు కాదు. చేర్చే ముందు చూడవలసింది తరగతికి ఒక టీచరు ఉన్నారా, లేక ఒకరిద్దరే అయిదు తరగతులు లాక్కొస్తున్నారా అన్నది. ప్రాథమిక తరగతులలో 30 మందికి ఒక టీచరు ఉండాలన్నది చట్టం. లేకపోతే అడగవలసిన చోటు పాఠశాల యాజమాన్య కమిటీ. అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యులలో సగం మంది ఆడవారై ఉండాలి. కాగితం మీద సంతకాలకే పరిమితమైన కమిటీలు ఉన్న మాట నిజమే. అయినా టీచరు పోస్టు ఖాళీ గురించి ఒక తండ్రి వెళ్లి గొణగడానికీ, కమిటీ తీర్మానం రాసి మండల విద్యాశాఖాధికారికి పంపడానికీ చాలా తేడా ఉంది.

బిడ్డ హాజరు, నేర్చుకొనే తీరు, పురోగతి గురించి తల్లిదండ్రులతో క్రమంగా మాట్లాడటం టీచర్ల విధి అని చట్టం 24వ సెక్షన్ చెబుతోంది. మీటింగుకు వెళ్లినప్పుడు 'మావాడు ఎట్లా చదువుతున్నాడు సార్' అని అడిగితే 'పరవాలేదమ్మా' అన్న జవాబే వస్తుంది. 'భాగాహారం వచ్చిందా సార్, ఎక్కడ ఆగిపోతున్నాడు?' అని అడగండి. అప్పుడు టీచరు నోటు పుస్తకం తెరుస్తారు.

ఇంట్లో ఆ ఒక్క గంటకు పెద్ద చదువు అక్కరలేదు. అక్షరం రాని తల్లి కూడా బిడ్డ పైకి చదువుతుంటే పక్కన కూర్చొని విని, 'ఇంతకూ ఆ కథలో ఏమయింది, నీ మాటల్లో చెప్పు' అని అడగవచ్చు. చెప్పలేకపోతే ఆ బిడ్డ చదవలేదు, పలికింది అంతే.

మళ్లీ బడికి పంపవలసి వస్తే

మూడు నెలలకొకసారి పెట్టే పరీక్షలలో వరుసగా రెండింటిలో బిడ్డ వెనకబడినా, చెప్పే మనిషికి ఉద్యోగమో అనారోగ్యమో అడ్డు వచ్చినా, పాఠం వేళ ఇంట్లో రోజూ గొడవే అవుతున్నా, పరువు సంగతి పక్కన పెట్టి బడికి పంపండి. విద్యాహక్కు చట్టం 4వ సెక్షన్ ప్రకారం బడి బయట ఉన్న బిడ్డను వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకోవాలి, తోటివారిని అందుకోవడానికి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. వయసు రుజువు లేదనో, టీసీ ఆలస్యమైందనో చేర్చుకోకుండా తిప్పి పంపకూడదు. జూన్‌లో బడులు తెరిచే వేళకు వెళ్తే సర్దుబాటు సులువు, నడి సంవత్సరంలో వెళ్లినా కాదనడానికి వీల్లేదు. వెళ్లేటప్పుడు ఆధార్ కార్డుతో పాటు పాత రికార్డు షీట్, ముద్ర వేయించుకున్న అర్జీ నకలు, గత ఏడాది జవాబు పత్రాలు తీసుకువెళ్లి ప్రధానోపాధ్యాయుడి ముందు పెట్టండి. ఏ పాఠం దాకా వచ్చిందో, ఎక్కడ తడబడుతున్నదో నోటితో చెప్పి రాకుండా ఒక కాగితం మీద రాసి క్లాసు టీచరుకు ఇవ్వండి.